పై సప్తకం

ఇంకా మొదలవలేదు, అయినా అందరూ అప్పుడే నోళ్ళు మూసుకున్నారు, ఈ కొత్త సంగీతం కచేరీలకొచ్చే జనంతో ఇదే గొడవ, వాయించేవాళ్ళు వేదిక మీదికి రాకముందే భయభక్తులతో బిగుసుకుపోతారు, మా ఆవిడ మాత్రం చేతిసంచీ జిప్పు లాగి, మళ్ళీ వేసి, మడత కుర్చీలో ఒక పక్కకి ఒత్తిగిల్లి, "ఈ కుర్చీ కనిపెట్టినవాడెవడో గానీ వాడికి నడుమనేదే లేదండీ" అంది, ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు, మామూలుగా అయితే నేను నవ్వేవాణ్ణి, నవ్వు రాలేదు. నిన్న పొద్దున పదకొండు గంటల నుంచి నాకు ఏదీ రావడం లేదు. నవ్వూ లేదు, ఏడుపూ లేదు, వేళకి తింటున్నాను కాబట్టి ఆకలి వేస్తోందనుకోవాలి. మధ్యాహ్నం నాలుగవుతోంది, పై కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడి వేదిక మీద పియానో కాలి దగ్గర ఆగింది, పియానో మూత ఎత్తి ఉంది, పొద్దున పది నుంచి పన్నెండున్నర దాకా దాని పక్కన నేనే ఉన్నాను, రెండు వందల పైచిలుకు తీగలు, ఒక్కోదాన్నీ బతిమాలి శ్రుతిలోకి తెచ్చాను, ముప్ఫై నాలుగేళ్ళుగా నా పని అదే. అందులో కుడి చేతి చివర ఉండే పన్నెండు మీటలు, పై సప్తకం, వాటిని మాత్రం వినకుండా శ్రుతి చేశాను. వాటి పాట నాకు వినపడదు. ఈ సంగతి ఈ హాల్లో నాకొక్కడికే తెలుసు.

ఇలాంటి నిశ్శబ్దమే నిన్న ఆ గదిలో. చెవులు పరీక్ష చేసే గది, గదంటే బట్టల బీరువా కంటే కాస్త పెద్దది, గోడలకి మెత్తలు, ఒక అద్దం కిటికీ, దాని అవతల తెల్లకోటు అమ్మాయి, నా నెత్తిన హెడ్‌ఫోన్స్, చేతిలో బటన్, శబ్దం వినపడగానే నొక్కాలి. ఇదేం పరీక్ష, పుట్టి బుద్ధెరిగాక నేను చేస్తున్నదిదేగా అనుకున్నాను. కింది శబ్దాలు వచ్చాయి, నొక్కాను, మధ్యవి వచ్చాయి, ఎంత సన్నగా వచ్చినా నొక్కాను, నాలో నేను మురిసిపోయాను కూడా, ఆ తర్వాత ఆ అమ్మాయి ఏదో తిప్పింది, ఏమీ రాలేదు. అద్దం అవతల ఆమె వేలు కదలడం మాత్రం కనిపించింది. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే సిగ్గెయ్యాలి, అదీ వెయ్యడం లేదు, అంతకు ముందు ఆమె ఎంత సేపటికొక శబ్దం పంపిందో నాకు లయ పట్టుబడిపోయింది, ఆ లెక్కన తాళం తప్పకుండా బటన్ నొక్కుతూ పోయాను, యాభై తొమ్మిదేళ్ళ మనిషిని, కాపీ కొట్టే బడిపిల్లాడిలా. ఆమె తలుపు తెరిచి, "సార్, నేను ఏమీ పంపనప్పుడు కూడా నొక్కుతున్నారు" అంది, మర్యాదగానే అంది. కాగితం మీద గీత చూపించింది, ఎడమ నుంచి బుద్ధిగా వచ్చి వచ్చి కుడి పక్కకి రాగానే ధబీమని కింద పడిపోయింది. "పై శబ్దాలు పోయాయి సార్. ఇవాళ్టివి కావు, రెండు మూడేళ్ళయి ఉంటుంది. పిట్టల కూతలు, కుక్కర్ విజిల్ లాంటివి తెలియట్లేదా? ఇంట్లోవాళ్ళు గమనించే ఉంటారే. మిషన్ పెట్టుకుంటే మాటలు బాగా తెలుస్తాయి గానీ ఆ చివరి శబ్దాలు మళ్ళీ రావు. మీరేం పని చేస్తుంటారు?" ఆఫీసులో గుమాస్తాని అన్నాను. "అయితే పర్లేదు సార్" అంది. బయటికొచ్చి బస్సెక్కాను, కిటికీ పక్క సీటు దొరికింది, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని దుకాణాల బోర్డులు చదువుకుంటూ ఇంటికొచ్చాను. తీగలు కొనడానికి వెళ్తున్నానని మా ఆవిడకి చెప్పి వెళ్ళాను, తీగలు లేకుండా తిరిగొస్తే అవేవని ఆవిడ అడగలేదు.

ముగ్గురూ వచ్చారు, చప్పట్లు, వయొలిన్ ఆయన, చెల్లో ఆయన, మా పియానో అమ్మాయి. అమ్మాయి అంటాను గానీ ఆమెకీ నలభై దగ్గరపడుతున్నాయి, నేను మొదటిసారి వాళ్ళింట్లో పియానో శ్రుతి చెయ్యడానికి వెళ్ళినప్పుడు కాళ్ళు పెడల్‌కి అందేవి కావు, పక్కన నిలబడి "బాబాయ్, లోపల ఎవరుంటారు?" అని అడిగింది, అప్పట్నుంచీ బాబాయ్‌నే, మా ఆవిడ పిన్నిగారు. ఎక్కడ వాయించినా నేనే శ్రుతి చెయ్యాలి, ఇంకొకరి చెయ్యి పడితే వద్దంటుంది. ఇవాళ ఒంటిగంటకి వచ్చింది, కుర్చీ ఎత్తు సరిచూసుకుంది, ఒక్క మీట కూడా నొక్కి చూడలేదు. "మీ చెయ్యి పడ్డాక నేను చూసుకునేదేముంది బాబాయ్" అంది, నా ఎదురుగా. ఆ వెంటనే, "రేపట్నుంచి మూడ్రోజులు ఇక్కడే రికార్డింగు, రోజూ పొద్దున్నే మీరొచ్చి చూడాలి, సరేనా?" అంది, నేను నీళ్ళు నమిలాను, ఆమె నా మొహంలోకి ఒక క్షణం చూసి, "సరే, కచేరీ అయ్యాక చెప్పండి" అని లేచింది. అదీ నా మెడ మీదున్న కత్తి, కచేరీ గంటన్నర, అయ్యాక నేను చెప్పాలి. వస్తానంటే రేపు మైకులుంటాయి, జనం చెవులు మొహమాటపడతాయి గానీ మైకు పడదు. రానంటే ఎందుకు రానో చెప్పాలి, చెప్పానంటే ఇక ఏ హాలూ నన్ను పిలవదు, శ్రుతి చేసే పని తప్ప నాకింకో పని చేతకాదు, రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలో కూడా తెలియదు.

చెల్లో ఆయన కమాను వెనక్కి తిప్పి కర్రతో తీగల మీద కొడుతున్నాడు, పియానో అమ్మాయి లేచి నిలబడి లోపలికి చెయ్యి పెట్టి గోళ్ళతో తీగలు మీటుతోంది, ఇదొక పద్ధతిట, చేతిలో కాగితం మీద రాసిపెట్టారు, 'ఈ రచనలో నిశ్శబ్దం కూడా ఒక వాద్యమే' అని, రాసినాయన ముందు వరుసలోనే ఉన్నాడు, నల్లచొక్కా, నలిగిన మెడపట్టీ, ఎవరో ఆయన సామాను తవ్వి పోస్తున్నట్టు మోకాళ్ళు బిగించి కూర్చున్నాడు. "మనం పొద్దున్నుంచీ సర్దిందంతా ఈ పిల్ల గోళ్ళతో కెలికేస్తోందండీ" అని మా ఆవిడ నా చెవిలో గొణిగింది, కుడి చెవిలో, ఎడమది ఇంకా అధ్వాన్నమని ఆవిడకెలా తెలుసో, ఎప్పుడూ కుడి పక్కనే కూర్చుంటుంది. ఏది తప్పో ఏది ఒప్పో రాసినాయనకి తప్ప ఎవరికీ తెలియని సంగీతం, శ్రుతి తప్పితే అది నా తప్పో ఆయన గొప్పో ఎవడు చెప్పగలడు, ఇదొక అదృష్టం అనుకోవచ్చు, అనుకున్నాను, అనుకుంటే ఊరట కలగాలి, కలగలేదు. వయొలిన్ ఆయన వేళ్ళు పై స్వరాల కోసం బాగా కిందికి దిగి కమాను మెల్లగా లాగుతున్నాడు, కమాను కదులుతోంది, నాకేమీ రావడం లేదు, పక్కన ఒకామె కళ్ళు మూసుకుని వింటోంది, ఆమె మొహం చూసి అక్కడేదో ఉందని తెలుసుకుంటున్నాను.

అల పట్టుకోరా అనేవారు గురువుగారు. మరమ్మతు షాపులో వెనక గది, పాత పియానోల పొట్టలు విప్పి పెట్టి ఉండేవి, కొయ్యపొట్టు వాసన, జిగురు వాసన, నాకు పాతికేళ్ళు. రెండు తీగలు కలవకపోతే వాటి మధ్య ఒక అల లేస్తుంది, ఊఁవ్ ఊఁవ్ ఊఁవ్ అని, శ్రుతి చేసే కీ పట్టుకుని తీగ చుట్టిన బిరడా తిప్పేకొద్దీ అల నెమ్మదిస్తుంది, కలిసిన చోట ఆగిపోతుంది, మొదటిసారి ఆ అల ఆగడం విన్న రోజు నేను షాపు బయటికి పరిగెత్తుకెళ్ళి అరుగు మీద కూర్చుని ఊరికే నవ్వుకున్నాను, నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ పెళ్ళప్పుడు కూడా కలగలేదు, ఈ మాట మా ఆవిడతో అనకూడదు, ఒకసారి అన్నాను, "తెలుస్తూనే ఉంది" అంది. ఇప్పుడు పై సప్తకంలో అల లేదు. తీగే లేదు. మీట నొక్కితే లోపల సుత్తి తగిలిన టక్కు మాత్రం వస్తుంది, చెక్క మీద వేలితో కొట్టినట్టు టక్, టక్, టక్. మొదట్లో సుత్తుల మీది ఉన్ని గట్టిపడిందనుకున్నాను, తర్వాత హాలు బాగోలేదనుకున్నాను, తర్వాత అనుకోవడం మానేసి మణికట్టు అలవాటు మీద తిప్పుకుంటూ పోయాను, ఇంత బిగువుకి ఇంత అని. రెండేళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, పై స్వరాలు బాగోలేదని అనలేదు. చెవి పోయినా చెయ్యి పోలేదని అదే నా ధైర్యం, నిన్న బస్సులో కూడా దాన్నే పట్టుకుని వేలాడాను. కొత్తగా వస్తున్న శ్రుతిగాళ్ళని చూసి ఎంత ఎగతాళి చేసేవాణ్ణి, ఫోను ఎదురుగా పెట్టుకుంటారు, పచ్చ లైటు వెలిగితే శ్రుతి కుదిరినట్టుట, చెవి లేని సన్నాసులు అనేవాణ్ణి, పచ్చలైటుగాళ్ళని పేరు పెట్టాను.

గురువుగారి దగ్గర ఇంకో నియమం ఉండేది, పని కాగానే అరగంట బయటికి పోవాలి, పాటలు వినకూడదు, ఎవరితో మాట్లాడకూడదు, చెవి చల్లారాలి. ఆయన పోయి ఇరవయ్యేళ్ళయినా నేను ఆ అరగంట తప్పలేదు, ఇవాళ కూడా వీధి చివర దాకా నడిచి, మూసేసిన బ్యాంకు మెట్ల మీద కూర్చుని, మా ఆవిడ లోపల పనిముట్లు సర్దుతూ ఉంటుందిలే అని తీరిగ్గా వచ్చాను. రెండేళ్ళ నుంచి ఆవిడ నాతో వస్తోంది. "ఇంట్లో ఒక్కదాన్నీ గోడలు చూస్తూ కూర్చోలేనండీ" అంది, కుట్టు మిషనుకి వారంలో సగం రోజులు ముసుగేసేసింది, పాత కోట్లకి అస్తర్లు మార్చడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు, సూది విరగబోతోందని మిషను చప్పుడు మారడం విని ముందే ఆపేస్తుంది. పెళ్ళయిన కొత్తలో షాపుకి వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చునేది, టార్చి పట్టుకునేది, ఉన్ని ముక్కలు అందించేది, ఒకరోజు గురువుగారు ఉండగానే "నాకూ నేర్పండి" అంది. "ఇది చెవి ఉన్నవాళ్ళ పనే" అన్నాను, అని నవ్వాను, గురువుగారు నవ్వలేదు, ఆవిడ మాత్రం నవ్వింది, మళ్ళీ అడగలేదు.

విరామం. లైట్లు వెలిగాయి, జనం కాగితం కప్పుల కోసం లేచారు, శ్రుతి చేసేవాడు విరామంలో ఒకసారి పైకెక్కి చూసుకోవడం మా పనిలో ఆనవాయితీ, గట్టిగా వాయిస్తే తీగలు దిగుతాయి, అదీగాక ఆ పిల్ల గోళ్ళతో పీకింది కూడా. కీ తీసుకుని వెళ్ళాను, మధ్య సప్తకం చూశాను, బాగానే ఉంది, ఒకటి దిగితే ఎత్తాను. అక్కడితో దిగిపోవాల్సింది. ఏం బుద్ధి పుట్టిందో, కుడి చివరికి జరిగి, అన్నిటికంటే చివరి మీట, దాని మూడు తీగల్లో కుడిదాని బిరడా మీద కీ పెట్టాను. పొద్దున ఆ బిరడా వదులుగా ఉంటే చిన్న సుత్తితో తట్టి బిగించాను, అందుకని గుర్తుంది, వదిలేసేటప్పుడు కీ పిడి సరిగ్గా ఇనుప చట్రం మీది గుండ్రటి బొడిపె పైకి వచ్చి ఆగింది. ఇప్పుడు బొడిపెకి ఇవతల, ఒక వేలు మందం ఇవతల ఆగింది. వదులైందేమో అనుకున్నాను, కదిపితే బిర్రుగా ఉంది. పక్కది చూశాను. దాని పక్కది. చెవికి తెలియనిది చేతికి తెలుస్తుంది, చేత్తో ఏ బిరడా ఎక్కడ వదిలానో ఒక రోజంతా మణికట్టులో ఉండిపోతుంది, పన్నెండు మీటల్లో ఒక్క బిరడా కూడా నేను వదిలిన చోట లేదు. ఎవరో నా తర్వాత వచ్చి అన్నీ సరిచేశారు. అంతే కాదు, తిప్పాక ఒక్క వెంట్రుకవాసి వెనక్కి తెచ్చి కూర్చోబెట్టారు, అది గురువుగారి పద్ధతి, ఆయన తర్వాత నాదే, నేనెవరికీ నేర్పలేదు. వేదిక మీద పియానోలో తల పెట్టి అలాగే ఉండిపోయాను, ఎవరో చూస్తే పనిలో ఉన్నాననుకుంటారు. ఒంటిగంటకి నేను తిరిగొచ్చినప్పుడు హాలు వాచ్‌మన్ గుమ్మంలో ఎదురై, "తాళం వేద్దామనుకున్నా సార్, అమ్మగారు లోపలే ఉన్నారు కదా అని ఊరుకున్నా" అన్నాడు, నేను ఆఁ ఆఁ అంటూ వచ్చేశాను.

దిగి వచ్చి కూర్చున్నాను. ఆవిడ నా కోసం టీ తెచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, "చల్లారిపోయింది, అయినా తాగండి" అంది, తాగాను. లైట్లు తగ్గాయి, రెండో సగం ఒకటే రచన, ముప్ఫై అయిదు నిమిషాలుట. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, మాకు అలాంటి అలవాట్లేం లేవు, "ఏంటండీ ఈ వేషాలు, జనం చూస్తారు" అని గొణిగింది గానీ లాక్కోలేదు. కుడి చెయ్యి. కుట్టుపని చేసేవాళ్ళకి కాయలు వేళ్ళ చివర్లో కాస్తాయి, ఆవిడకీ ఉన్నాయి, నాకు తెలుసు. ఇది చూపుడువేలి మొదట్లో ఉంది, అరచేతి అంచున ఇంకొకటి ఉంది, కీ పిడి ఒరుసుకునే చోట, నా చేతిలో ఉన్నచోటే. మణికట్టుకి మందు రాసుకునేది రాత్రుళ్ళు, మిషను తొక్కీ తొక్కీ అంది, మిషను తొక్కేది కాలితో కదా, ఆ మాత్రం నాకు తట్టలేదు. వంటగదిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోనుకేసి చూస్తూ కూర్చునేది, పాటలు వింటున్నాననేది, మా ఇంట్లో ముందుగదిలో ఉన్న పాత పియానో పై సప్తకంలో మూడుసార్లు తీగలు తెగాయి ఆ మధ్య, ఎండలకి అంది. పచ్చలైటు. నేను బ్యాంకు మెట్ల మీద చెవి చల్లార్చుకుంటూ ఉంటే ఈవిడ ఇక్కడ ఫోను ఎదురుగా పెట్టుకుని ముప్ఫై ఆరు తీగలు, రెండేళ్ళు, ఊరూరా, హాలు హాలుకీ. నేను కోప్పడాలి. కాళ్ళ మీద పడాలి. ఈ రెంటికీ మధ్య ఏదో ఒకటి అనిపించాలి కదా మనిషన్నాక, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను, చేతిలో చెయ్యి ఉంది, అది వెచ్చగా ఉందని తెలుస్తోంది, అంతే.

చెల్లో కిందికి, ఇంకా కిందికి పోయింది, అది నాకు బాగా వినపడుతుంది, కుర్చీ కాళ్ళలోంచి వస్తోంది, పియానో ఎడమ చెయ్యి ఒకే స్వరాల గుత్తిని మళ్ళీ మళ్ళీ కొడుతోంది, ఒక్కోసారి ఒక్కో బరువుతో, బాగుంది, ఇది నిజంగా బాగుంది, ఈ నల్లచొక్కా ఆయనకి విద్య ఉంది, నాకు ఇవాళే అర్థమైంది, ఇన్నేళ్ళూ కచేరీకొస్తే తప్పుల కోసం వెతుక్కోవడమే, ఎక్కడ దిగింది, ఎక్కడ అల లేచింది అని, పాటెప్పుడు విన్నాను గనక. ఇప్పుడు వెతుక్కునే పని లేదు కాబట్టి వినపడుతోంది కాబోలు. అప్పుడు చెల్లో ఆగింది. ఎడమ చెయ్యి ఒళ్ళోకి వచ్చింది. పియానో అమ్మాయి కుడివైపు జరిగి కుర్చీ అంచున కూర్చుంది, కుడి చెయ్యి చిట్టచివరికి పోయింది, వయొలిన్ ఆయన కమాను పెట్టాడో లేదో తెలియనంత తేలిగ్గా పెట్టాడు. నాకు సంగీతం అయిపోయింది. టక్. చాలాసేపటికి టక్. టక్ టక్. హాలంతా ముందుకి వంగింది, చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది అంటారే అలా ఉన్నారు, రాసినాయన మోకాళ్ళు వదులయ్యాయి, కళ్ళు మూసుకున్న ఆమె నోరు కొంచెం తెరుచుకుంది, అందరూ ఒక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నట్టుంది, నేను గుమ్మం బయట. ఎవరి మొహం చూసినా ఏదో అందంగా జరుగుతోందని తెలుస్తోంది. మా ఆవిడ మొహం చూశాను. ఆవిడ మొహంలో అందమూ లేదు, పాటా లేదు. కళ్ళు ఆ పిల్ల వేళ్ళ మీదే ఉన్నాయి, ఊపిరి బిగబట్టింది, ఒక్కో మీట పడగానే పెదవి ఒత్తుకుని, దాటగానే వదులుతోంది, ఒకటి, గండం గడిచింది, ఇంకొకటి. ఆ మొహం నాకు తెలుసు, ముప్ఫై నాలుగేళ్ళు నేను మోసిన మొహమది. ఈ హాల్లో ఇంతమందికి ఇంత సుఖాన్ని పంచిపెట్టి ఒక్క చుక్క తనకి దక్కని మనిషి ఇప్పుడు నేను కాదు, ఆవిడ.

టక్. ఆవిడ ఉలిక్కిపడింది. చాలా కొంచెం, చెయ్యి నా చేతిలో ఉంది కాబట్టి తెలిసింది, లేకపోతే తెలియదు. ఆ ఉలుకు ఎక్కణ్ణించి వస్తుందో నాకు తెలుసు, పొట్టలోంచి వస్తుంది. అడగాలని అడగలేదు, ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు అడిగింది.

"ఏది?"

"పై నుంచి నాలుగోది. కొద్దిగా దిగింది" అంది ఆవిడ, కళ్ళు వేదిక మీంచి తిప్పకుండా, అన్నాక తనేమందో తనకి వినపడింది, నా చేతిలో ఆవిడ చెయ్యి చెక్కలా బిగుసుకుపోయింది. నా వైపు తిరగలేదు. టక్ టక్, అక్కడ ఆ పిల్ల వాయిస్తూనే ఉంది. ఎప్పట్నుంచి అని అడగొచ్చు, ఎందుకు చెప్పలేదని అడగొచ్చు, నన్ను చూసి నవ్వుకున్నావా అని కూడా అడగొచ్చు, ఆవిడ ఆ మాటకి ఏడుస్తుంది, ఏడిపించడం నా చేతిలో పని.

"మధ్య తీగా? కుడిదా?"

కమాను గాలిలో ఆగింది, ఇద్దరు ముగ్గురు తొందరపడి చప్పట్లు కొట్టబోయి ఆగారు, ఇంకా ఉందిట, నిశ్శబ్దం కూడా వాద్యమే కదా.

"కుడిది" అంది, "ఆ బిరడా ఇందాకే మొండికేసింది. వెనక్కి తెస్తే నిలబడలేదు. ఇంకొకసారి చూద్దామనుకునేలోపు మీ అడుగుల చప్పుడైంది."

చప్పట్లు పడ్డాయి. లేచి నిలబడి కొట్టారు, రాసినాయన వేదికెక్కాడు, ఆ పిల్ల ఆయన్ని కౌగలించుకుంది, ఎవరో పూలు తెచ్చారు, నేనూ కొట్టాను, మా ఆవిడ మాత్రం చేతిసంచీ గుండెకి ఆనించుకుని తల వంచుకుని కూర్చుంది, దొంగతనం చేసి దొరికిపోయినట్టు. "ఇంటికెళ్ళాక ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టండి, ఇక్కడొద్దు" అంది. తిట్టనన్నాను. "మీరు ఆ పని మానేస్తే ఏమైపోతారోనని భయమేసిందండీ నాకు" అంది, అంతే అంది, అంతకంటే ఏమీ లేదు ఆ రెండేళ్ళకి కారణం. జనం పల్చబడ్డారు, మా పియానో అమ్మాయి మెట్లు దిగి చెమట తుడుచుకుంటూ మా వరుస దగ్గరికే వచ్చింది, మొహం వెలిగిపోతోంది. "బాబాయ్, ఎలా ఉంది? ఆ చివర్లో పైన ఎంత బాగా పలికిందో విన్నారా? సరే, చెప్పండి, రేపటి సంగతేంటి?"

విన్నానమ్మా అనొచ్చు. అలాంటి మాటలు రెండేళ్ళు అన్నాను, నిన్న గుమాస్తాని అని కూడా అన్నాను, నోటికి అలవాటే. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది, వద్దనో, వస్తామని చెప్పమనో తెలియదు.

"నేను వినలేదమ్మా" అన్నాను. "ఆ చివరంతా నాకు వినపడదు. నిన్న పరీక్ష చేయించుకున్నాను, రెండు మూడేళ్ళ క్రితమే పోయిందిట. ఆ పైదంతా మీ పిన్నిగారు చేసింది. పై నుంచి నాలుగో మీట కుడి తీగ దిగిందిట, రేపు ఆవిడే సరిచేస్తుంది. కుదరదంటే ఇంకెవరినైనా చూసుకో, నేనేమీ అనుకోను. కుదురుతుందంటే నేను బ్యాగు పట్టుకొస్తాను."

ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. అయ్యో బాబాయ్ అంటుందని, ఇన్నాళ్ళూ చెప్పలేదేమని నిలదీస్తుందని కాచుకుని ఉన్నాను. ఆమె మొహంలో ఏమీ మారలేదు, నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసి, మా ఆవిడ వైపు తిరిగింది. "ఎనిమిదింటికి రాగలరా పిన్నిగారూ? మైకులు పెట్టేలోపు మీకు ప్రశాంతంగా ఉంటుంది" అంది, ఆ గొంతు ఎంత మామూలుగా ఉందంటే, ఇది కొత్తగా తెలిసిన మనిషి గొంతు కాదు. ఈమెకి తెలుసు. ఎన్నాళ్ళ నుంచో తెలుసు. ఒక్క మీట కూడా నొక్కి చూసుకోకుండా నా ఎదురుగా లేచి వెళ్ళిన ప్రతిసారీ తెలుసు. వాచ్‌మన్‌కి తెలుసేమో, ఈ హాళ్ళవాళ్ళందరికీ తెలుసేమో, ఇంతమంది కలిసి రెండేళ్ళు నన్ను చేతుల్లో పెట్టుకు మోశారన్నమాట, కింద పడితే పగిలిపోతానని.

అప్పుడు నొప్పి పుట్టింది. నిన్న పదకొండు గంటల నుంచి ఎక్కడ దాక్కుందో, ఒక్కసారిగా వచ్చి మీద పడింది, మడత కుర్చీ వీపు పట్టుకోవాల్సి వచ్చింది. మా ఆవిడ నన్ను చూడలేదు, ఆ పిల్లనే చూస్తోంది, సంచీ భుజానికి వేసుకుని లేచి నిలబడింది.

"ఏడున్నరకే వస్తాను" అంది. "ఆ బిరడా ఊరికే మాట వినదు."